ల్యాప్‌టాప్ ఫ్యాను ఎందుకు హోరెత్తుతుంది?

వీడియో ఆటల కోసం తయారైన ల్యాప్‌టాప్ వాడేవారికి ఫ్యాను చప్పుడు కొత్త కాదు. ఆట మొదలైన రెండు మూడు నిమిషాలకు అది గుయ్యిమని లేస్తుంది. ఆట ముగిసిన కొంతసేపటికి అణగిపోతుంది. ఇది సహజం. కాని కొన్ని యంత్రాలకు ఒకనాడు విచిత్రమైన జబ్బు పట్టుకుంటుంది. ఆట లేదు, బరువైన పని లేదు, తెర మీద ఉత్తరం ఒకటి తెరిచి ఉన్నది, అంతే. అయినా ఫ్యాను పూర్తి వేగంతో హోరెత్తుతూనే ఉంటుంది. ఫ్యాను చెడిపోయిందనుకొని యజమాని కొత్తది తెప్పిస్తాడు. డబ్బు ఖర్చవుతుంది, కొత్త ఫ్యాను కూడా పాతదానిలాగే హోరెత్తుతుంది.

పూర్తి వేగంతో తిరుగుతున్న ఫ్యానులోనే లోపం ఉండడం అరుదు. మోటారు బాగున్నది గనుకనే అంత వేగంగా తిరగగలుగుతున్నది. ఎంత వేగంతో తిరగాలో నిర్ణయించే అధికారం దానికి లేదు. పైనుంచి ఆజ్ఞ వస్తుంది, అది పాటిస్తుంది. కనుక ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: లోపల నిజంగా వేడి ఉన్నదా, లేక లేని వేడిని ఉన్నదని ఎవరైనా చెబుతున్నారా? ఈ రెండింటినీ విడదీయగలిగితే జబ్బు సగం కుదిరినట్లే. విడదీయడానికి ఖరీదైన పరికరాలు కూడా అక్కరలేదు. కాని వేడి ఎక్కడ పుట్టి, ఏ దారిన బయటికి పోతుందో తెలిసి ఉండాలి.

వేడి పుట్టేది ఎక్కడ, పోయేది ఎట్లా?

కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గదా, అది తీసుకున్న విద్యుచ్ఛక్తిలో కొంతైనా ఆ లెక్కలకు ఖర్చు కాదా అని సందేహం కలగవచ్చు. ఆ లెక్క వేరే, ఈ లెక్క వేరే. గోడ ప్లగ్గు నుంచి తీసుకున్న శక్తి యావత్తూ చివరకు వేడిగానే మారుతుంది. తెర నుంచి వచ్చే వెలుగు, స్పీకర్ల ధ్వని సైతం గది గోడలకు తగిలి వేడిగానే ముగుస్తాయి. ఆటల ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు రెండూ కలిసి జోరుగా పనిచేసేటప్పుడు 150 వాట్ల వేడి పుట్టడం మామూలే. పెద్ద యంత్రాలలో 200 వాట్లు కూడా దాటుతుంది. 150 వాట్లంటే పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండున్నర. వాటిని పుస్తకమంత మందం గల పెట్టెలో మూసిపెట్టి వెలిగించినట్లన్నమాట.

ఈ వేడి పుట్టే చోటు బొటనవేలి గోరుకు కొంచెం పెద్దదైన సిలికాన్ పలక. అక్కడి నుంచి అది ముందుగా థర్మల్ పేస్టు అనే పలచని పొర దాటి రాగిపలకలోకి ప్రవేశించాలి. కంటికి నునుపుగా కనిపించే రెండు లోహపు ముఖాలను ఒకదానిమీద ఒకటి ఆనించినా, మధ్యలో సూక్ష్మమైన సందులు మిగిలి వాటిలో గాలి నిలుస్తుంది. గాలి వేడిని మోయడంలో బహు బద్ధకం గలది. రాగి ఉష్ణవాహకత్వం 400 అనుకుంటే గాలిది 0.026 మాత్రమే. పేస్టుది 5 నుంచి 10 దాకా ఉంటుంది. రాగితో పోలిస్తే ఇదీ తక్కువే, కాని గాలి కంటె ఎన్నో వందల రెట్లు మేలు. ఒక లెక్క చూస్తే ఈ పొర విలువ తెలుస్తుంది. రెండు చదరపు సెంటీమీటర్ల చిప్పు, దానిమీద మిల్లీమీటరులో 20వ వంతు మందం గల పేస్టు పొర, దానిగుండా 100 వాట్ల వేడి పోతున్నదనుకుందురు గాక. పొర రెండు ముఖాల మధ్య తేడా 5 డిగ్రీలు. అంతే మందాన అక్కడ గాలి ఉంటే లెక్క ప్రకారం తేడా 900 డిగ్రీలు దాటాలి! దాటే లోపల యంత్రం తనంతట తానే ఆగిపోతుంది గనుక సరిపోతున్నది.

రాగిపలక నుంచి వేడిని అంచుల దాకా మోసుకుపోయేవి చదునుగా నొక్కిన రాగి గొట్టాలు. వీటిని హీట్‌పైపులంటారు. చూడడానికి ఘనమైన కడ్డీల వలె ఉంటాయి గాని లోపల బోలు. గాలిని తోడివేసి, కొద్దిపాటి నీరు మాత్రం ఉంచి, రెండు కొనలూ మూసివేస్తారు. పీడనం తక్కువ గనుక ఆ నీరు 100 డిగ్రీలకు చాలా ముందే మరిగిపోతుంది. వేడి కొన దగ్గర ఆవిరై, చల్లని కొనకు పరుగెత్తి, అక్కడ ద్రవించి, గొట్టం లోపలి గోడకు అతికిన సన్నని రాగిపొడి పొర గుండా మళ్ళీ వెనక్కు పాకుతుంది. దీపపు వత్తి గుండా నూనె పైకి పాకినట్లే ఇది. ఒక గ్రాము నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 2,400 జౌళ్ళ వేడిని తనలో దాచుకుంటుంది; అందువల్ల సెకనుకు గ్రాములో 50వ వంతు నీరు ఇట్లా తిరిగినా దాదాపు 50 వాట్లు తరలిపోతాయి. ఈ ఊహకు అమెరికాలో రిచర్డ్ గాగ్లర్ 1944లోనే పేటెంటు పొందాడు గాని ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ స్వతంత్రంగా దీనిని మళ్ళీ కనిపెట్టాడు. అంతరిక్ష యానాల కోసం పుట్టిన ఆ గొట్టం ఇప్పుడు విద్యార్థి బల్లమీద ఉన్నది.

గొట్టాల చివర దువ్వెన పళ్ళవలె దగ్గరదగ్గరగా అమర్చిన పలచని రేకులు ఉంటాయి. ఫ్యాను ఈ రేకుల మధ్యనుంచి గాలిని తోస్తుంది. 150 వాట్ల వేడిని, గాలిని 20 డిగ్రీలు మాత్రమే వేడెక్కనిస్తూ, బయటికి పంపాలంటే సెకనుకు సుమారు 6 లీటర్ల గాలి కావాలి. అంటే నీళ్ళ బిందె సగానికి సగం గాలి ప్రతి సెకనూ ఆ సన్నని సందులలో దూరి బయటపడాలి. హోరు ఎందుకు వస్తుందో దీనివల్లనే ఊహించవచ్చు. పైగా ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే వస్తుంది గాని, మోటారు తీసుకునే శక్తి 8 రెట్లవుతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు పెరుగుతుంది. లాభం కొంచెం, గోల ఎక్కువ.

ఆజ్ఞ ఎవరిది?

చిప్పు లోపలనే చిన్న చిన్న ఉష్ణమాపకాలు ఉంటాయి. డయోడు గుండా స్థిరమైన విద్యుత్తును పంపితే దాని వోల్టేజి ఒక్కొక్క డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ఈ స్వభావమే అక్కడ థర్మామీటరు పని చేస్తుంది. ఈ కొలతలను చదివేది మదర్‌బోర్డు మీద ఉండే ఒక చిన్న కంట్రోలరు. ప్రధాన ప్రాసెసరుతో నిమిత్తం లేకుండా తన పని తాను చేసుకుపోయే చిన్న కంప్యూటరే అది. పవర్ మీట, బ్యాటరీ చార్జింగు, కీబోర్డు, ఫ్యాన్లు దాని అధీనంలో ఉంటాయి. ల్యాప్‌టాప్ ఆపివేసినా అది చాలావరకు మెలకువగానే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోవలసినది. చికిత్స దగ్గర మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఫ్యానుకు సాధారణంగా నాలుగు తీగలు వస్తాయి. రెండు విద్యుత్తు ఇవ్వడానికి. మూడవది ఫ్యాను చెప్పే జవాబు. ఒక్కొక్క చుట్టుకు రెండు స్పందనలు పంపి, ఎంత వేగంతో తిరుగుతున్నదీ తెలుపుతుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే ఫ్యాను సెకనుకు 167 సార్లు ఇట్లా పలుకుతుందన్నమాట. నాలుగవ తీగలో కంట్రోలరు ఆజ్ఞ వస్తుంది. అతి వేగంగా వెలుగుతూ ఆరుతూ ఉండే సంకేతం అది. వెలిగే కాలం ఎంత ఎక్కువైతే వేగం అంత ఎక్కువ.

ఈ నాలుగవ తీగ తెగిపోతే? ఫ్యాను ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. చాలా ఫ్యాన్లు ఆగవు. పూర్తి వేగంతో తిరుగుతాయి! కావాలనే అట్లా రూపొందించారు. పాతరకం రైలు సిగ్నలు తీగ తెగితే దాని రెక్క ‘ఆగు’ అన్న స్థితికే వచ్చి నిలుస్తుంది. ఇక్కడా అదే నీతి. సందేహం వచ్చినప్పుడు యంత్రం అపాయం లేని వైపుకే మొగ్గుతుంది. సెన్సరు కొలత అందకపోయినా, అందిన కొలత అర్థం లేనిదిగా ఉన్నా, చాలా కంట్రోలర్లు ఫ్యానుకు పూర్తి వేగమే ఆజ్ఞాపిస్తాయి. వేడి లేని హోరుకు కారణం తరచుగా ఇదే.

ఈ జాగ్రత్త అనవసరమైన ఆడంబరమేమీ కాదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే ప్రసిద్ధ కంప్యూటర్ పత్రికవారు నడుస్తున్న ప్రాసెసర్ల మీదనుంచి శీతలీకరణ దిమ్మెలను ఊడబెరికి చలనచిత్రం తీశారు. ఇంటెల్ పెంటియమ్ 4 వేగం తగ్గించుకొని బతికి బయటపడింది. అప్పటి ఏఎండీ అథ్లాన్ క్షణాలలో పొగ లేచి మాడిపోయింది. నేటి ప్రాసెసర్లన్నింటిలో ఆత్మరక్షణ ఏర్పాట్లు ఉన్నాయి. సుమారు 95 నుంచి 105 డిగ్రీల మధ్య, రకాన్ని బట్టి, వేగం తగ్గించుకుంటాయి. ఇంకా పెరిగితే యంత్రాన్ని ఆపివేస్తాయి. అయితే చిప్పు తనను తాను కాపాడుకోగలదు గాని, పక్కనే ఉన్న బ్యాటరీకి ఆ శక్తి లేదు. వేడి తగిలేకొద్దీ బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. కొన్నిసార్లు ఉబ్బుతుంది కూడా. అందువల్ల చప్పుడు భరించలేక ఫ్యాను తీగ ఊడదీయడం, సాఫ్ట్‌వేర్‌తో బలవంతాన వేగం తగ్గించడం, కారణం తెలియకముందు చేయదగిన పనులు కావు.

పరీక్ష

మొదటి పరీక్షకు చెవి చాలు. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, అరగంట చల్లారనిచ్చి, మళ్ళీ పవర్ మీట నొక్కాలి. ప్రారంభంలో ఒకటి రెండు క్షణాలు ఫ్యాను గట్టిగా తిరిగి తగ్గడం చాలా యంత్రాలకు అలవాటు. అట్లా కాక, మొదటి నుంచీ హోరు తగ్గకుండా ఉంటే, విండోస్ ఇంకా మేల్కొననే లేదు గనుక, దానిని నిందించడానికి వీలు లేదు. బయోస్ సెట్టింగుల తెర తెరిచి కొన్ని నిమిషాలు అక్కడే ఉంచి చూస్తే ఇంకా తేటపడుతుంది. ఆ తెర మీద ఉండగా ప్రాసెసరుకు పొదుపు ఏర్పాట్లు పూర్తిగా అమలులో ఉండవు, కనుక ఫ్యాను కాస్త తిరగడం తప్పు కాదు. చల్లని యంత్రం అక్కడ కూడా పూర్తి వేగంతో అరిస్తే మాత్రం లోపం కంట్రోలరు దగ్గరనో, సెన్సరు దగ్గరనో, తీగల దగ్గరనో ఉన్నది. విండోస్ వచ్చిన తరువాతనే హోరు మొదలైతే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి.

రెండవ పరీక్షకు అరచెయ్యి, ఉష్ణోగ్రతను చూపే ప్రోగ్రాము ఒకటి కావాలి. తయారీదారు ఇచ్చిన కంట్రోల్ ప్రోగ్రాములో సాధారణంగా అది ఉంటుంది. గాలి బయటికి వచ్చే చోట చెయ్యి పెట్టి చూసి, తెర మీది అంకెతో పోల్చాలి. ఇదే అసలు పరీక్ష. దీనిని తొందర లేకుండా చేయాలి.

గాలి ధారాళంగా, వేడిగా వస్తున్నది, తెర మీది అంకె కూడా ఎక్కువగా ఉన్నది. అంటే ఫ్యాను అబద్ధమాడడం లేదు. ఎవరో లోపల పనిచేస్తున్నారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కి టాస్క్ మేనేజరు తెరిస్తే దొంగ దొరుకుతాడు. మూసివేశామనుకున్న ఆట వెనుక నడుస్తూ ఉండవచ్చు; విండోస్ తన నవీకరణలు తాను చేసుకుంటూ ఉండవచ్చు; బ్రౌజరులో ఏదో పుట పెద్ద గ్రాఫిక్స్ చిప్పును నిద్రపోనివ్వకుండా ఉండవచ్చు. యజమానికి తెలియకుండా చొరబడి ఎవరికోసమో క్రిప్టో నాణేలు తవ్వే దుష్ట ప్రోగ్రాములు కూడా ఉన్నాయి.

గాలి ధారాళంగా వస్తున్నది, కాని చల్లగా ఉన్నది. తెర మీది అంకె కూడా 40, 50 డిగ్రీలు దాటలేదు. ఇక్కడ వేడి లేదు. ఆజ్ఞ మాత్రమే ఉన్నది. ముందుగా కీబోర్డును చూడాలి. ఆటల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఫ్యానును పూర్తి వేగానికి పెంచే మీట ఒకటి వేరుగా ఉంటుంది. చెయ్యి తగిలి అది నొక్కబడితే చాలు. ‘టర్బో’ అనో ‘పెర్ఫార్మెన్స్’ అనో పేరున్న స్థితిలో యంత్రం ఉండిపోయినా అంతే. ఈ చిన్న విషయం చూడక బాగుచేసే దుకాణం దాకా వెళ్ళినవారు తక్కువమంది కాదు.

గాలి నీరసంగా వస్తున్నది, హోరు మాత్రం ఎప్పటికంటె కీచుగా ఉన్నది. దారి మూసుకుపోయింది. ఇది వింతగా తోచవచ్చు గాని, ఇటువంటి ఫ్యానుకు దారి మూసేస్తే మోటారు మీద బరువు తగ్గి వేగం పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనరు గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టినప్పుడు దాని గొంతు మారడం ఇందువల్లనే. రేకుల వెనుక దుమ్ము పేరుకొని ఉంటుంది.

నాలుగవది అందరినీ మోసపుచ్చేది. గాలి ధారాళంగానే ఉన్నది, చల్లగానే ఉన్నది. తెర మీద మాత్రం 95 డిగ్రీలని కనిపిస్తున్నది. సెన్సరు చెడిపోయిందని తేలికగా తీర్మానిస్తారు. అది తప్పు కావచ్చు. చిప్పు నిజంగానే ఉడుకుతూ, ఆ వేడి రేకుల దాకా చేరకుండా మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. పేస్టు ఎండి పొడివారినా, స్క్రూ వదులై రాగిపలక సరిగా ఆనకపోయినా, హీట్‌పైపుకు సన్నని చీలిక వచ్చి అందులోని నీరు పోయినా ఇదే లక్షణం. రెంటినీ విడదీయడానికి ఒక ఉపాయం ఉన్నది. రాత్రంతా ఆపి ఉంచిన యంత్రాన్ని ఉదయం తెరచి, మొదటి నిమిషంలో అంకె చూడాలి. గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు అంకె 40 దగ్గర మొదలై పని పెరగగానే చివ్వున 95కు ఎగబాకితే సెన్సరు నిజమే చెబుతున్నది. లోపం పేస్టులోనో పైపులోనో ఉన్నది. చల్లని యంత్రం కూడా మొదటినుంచీ 95 అనే చూపిస్తూ, పనితో నిమిత్తం లేకుండా కదలకుండా ఉంటే సెన్సరునే శంకించాలి.

చికిత్స

వేడి లేని హోరుకు మొదటి మందు కంట్రోలరును పూర్తిగా నిద్రపుచ్చి లేపడం. ల్యాప్‌టాప్‌ను ఆపి తెరిచినంత మాత్రాన అది తన పాత స్థితిని మరచిపోదని ముందే తెలిసింది. యంత్రాన్ని ఆపి, అడాప్టరు తీసివేసి, పవర్ మీటను అరనిమిషం పాటు నొక్కి ఉంచాలి. బ్యాటరీ ఊడివచ్చే రకమైతే దానిని కూడా తీయాలి. కొన్ని నమూనాలకు దీని పద్ధతి వేరుగా ఉంటుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. నిద్రావస్థ నుంచి మేల్కొన్న తరువాత మొదలైన హోరు చాలాసార్లు ఇంతటితోనే పోతుంది. పోకపోతే తయారీదారు కంట్రోల్ ప్రోగ్రామును తీసి మళ్ళీ వేయడం, తరువాత బయోస్‌ను నవీకరించడం. బయోస్ పని జరుగుతుండగా విద్యుత్తు పోతే యంత్రం లేవకుండా పోవచ్చు. బ్యాటరీ నిండుగా ఉంచి, అడాప్టరు కూడా తగిలించి చేయాలి. దీనికీ లొంగకపోతే తీగ, సాకెట్టు, కంట్రోలరు చిప్పు పరీక్షించవలసి ఉంటుంది. అది సూక్ష్మమైన టంకం పని, నిపుణుడి చేతిలోనే జరగాలి.

నిజమైన వేడికి మార్గాలు వేరు. ప్రాసెసరు తీసుకునే శక్తి దాని వేగాన్ని, వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి. కనుక చివరి 10 శాతం వేగం కోసం సుమారు 30 శాతం శక్తి అదనంగా ధారపోయవలసి వస్తుంది. దీనిని తిరగవేసుకుంటే గొప్ప లాభం. విండోస్ పవర్ సెట్టింగులలో ప్రాసెసరు గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా యంత్రాలలో టర్బో వేగం ఆగిపోతుంది. ఒక్క శాతమే తగ్గించినా పదీ పదిహేను డిగ్రీలు పడిపోవడం కద్దు. ఆటలో సెకనుకు 140 బొమ్మలు గీస్తున్న గ్రాఫిక్స్ చిప్పును 60కి పరిమితం చేసినా అట్లాగే ఊరట కలుగుతుంది.

గది ఉష్ణోగ్రతను కూడా మరువరాదు. ఫ్యాను గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే తోస్తుంది. 26 డిగ్రీల గదిలో 80 దగ్గర నిలిచే చిప్పు, అదే పని చేస్తూ, మే నెలలో విజయవాడలోనో రెంటచింతలలోనో 42 డిగ్రీల గదిలో 96కు చేరుతుంది. అక్కడ హోరు జబ్బు కాదు, ఎండాకాలం. పరుపు మీద, ఒడిలో పెట్టుకుంటే అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోతాయి. వెనుకవైపు రెండు అంగుళాలు ఎత్తి గట్టి బల్లమీద పెడితే తేడా చెవికే తెలుస్తుంది.

దుమ్ము తీయడానికి అడుగు మూత విప్పేవారు ముందు బ్యాటరీ సంధిని ఊడదీయాలి. మూత విప్పగానే బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇక చెయ్యి పెట్టకూడదు. దానిని గుచ్చినా వంచినా నిప్పు అంటుకుంటుంది. దుమ్ము ఎక్కువగా ఫ్యాను రెక్కల మీద కాక, ఫ్యానుకూ రేకులకూ మధ్య కంబళి ముక్కలాగా పేరుకుంటుంది. దుప్పట్ల నూగు, జుట్టు, మట్టి కలిసి గట్టిపడిన పొర అది. బయటినుంచి గాలి ఊదితే ఒక్కొక్కసారి ఇంకా లోపలికి నెట్టుకుపోతుంది. ఫ్యాను మూత తీసి, మెత్తని కుంచెతో ఆ పొరను ఒక్కముక్కగా లేపడం మేలు. ఊదవలసి వస్తే రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగు చెడుతుంది. పైగా తిప్పిన మోటారు డైనమో వలె విద్యుత్తు పుట్టిస్తుంది.

పేస్టు మార్చేటప్పుడు పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది పలచగా వేయాలి. మందంగా పూస్తే అదే అడ్డవుతుంది. రాగిపలక స్క్రూల పక్కన తరచుగా 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటాయి. ఆ వరుసనే, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించాలి. కొన్ని కొత్త యంత్రాలలో పేస్టుకు బదులు ద్రవలోహం ఉంటుంది. అది గాలియం మిశ్రమం. విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక ఒక్క బొట్టు పక్కకు జారినా బోర్డు మాడుతుంది, అల్యూమినియంను తినివేస్తుంది. వెండిలా మెరిసే ఆ ద్రవం కనిపిస్తే మూత మళ్ళీ బిగించి, తెలిసినవారికి అప్పగించడమే ఉచితం.